సైకిల్ దారిలో నిలిపిన కారు

సత్యలక్ష్మి గారు కారు దిగి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, నేల వంక చూసి మొహం చిట్లించింది. రాత్రి వానకు స్టూడియో గేటు ముందు నీళ్ళు నిలిచాయి. ఆవిడ అడుగు వెనక్కి తీసుకుని మళ్ళీ కార్లో కూర్చుని, తలుపు వేయకుండానే, ఇంకాస్త ముందుకు పోనిమ్మని డ్రైవరు తిరుమలేశ్‌తో చెప్పింది.

ముందుకు పోతే మిగిలిన ఆ కాస్త సందు కూడా మూసుకుపోతుందని తిరుమలేశ్‌కు తెలుసు. ఫిల్మ్ నగర్ ఎత్తు మీదికి ఎక్కే ఆ రోడ్డు అంచున మునిసిపాలిటీ వాళ్ళు ఆకుపచ్చ పట్టీ వేసి, దాని మీద తెల్లగా సైకిలు బొమ్మ గీశారు. అంచు వెంబడి నారింజ రంగు ప్లాస్టిక్ గుంజలు కూడా పాతారు. అవి కార్లు తగిలి తగిలి ఒక్కొక్కటే విరిగిపోయి, ఇప్పుడు మోకాళ్ళ దాకా కూడా రాని మొండి ముక్కలు మిగిలాయి. రోజూ తిరుమలేశ్ కారును కాస్త వెనగ్గా, గోడకు ఆనించినట్టు ఆపేవాడు. సైకిలు మీద వచ్చేవాళ్ళు కాలు కింద పెట్టి, హ్యాండిలు పక్కకు తిప్పుకుని ఎలాగో ఆ సందులోంచి దూరి పోయేవాళ్ళు.

"ఇక్కడ ఆపు. ఇక్కడే ఉంచు, ఎక్కడికీ తీయకు. పదకొండింటికి ప్రొడ్యూసర్ గారి దగ్గరికి వెళ్ళాలి, నేను బయటికొచ్చేసరికి కారు కళ్ళ ముందుండాలి" అని తలుపు తెరిచి గట్టిగా చెప్పి ఆవిడ దిగింది.

వెనక ఎవరో సైకిలు గంట కొట్టారు. సత్యలక్ష్మి గారు అటు తిరిగి చూడకుండానే మెట్లెక్కి, బరువైన గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సినిమాలకు డబ్బింగ్ చెప్పించే స్టూడియో అది. తలుపు మూసుకుంటే బయట ఏం జరిగినా లోపలికి వినపడదు.

తిరుమలేశ్ అద్దంలో చూశాడు. రోజూ వచ్చే ఆమే. బోరబండ వైపునుంచి వస్తుంది, నీలం రంగు టిఫిను సంచీ హ్యాండిలుకు తగిలించుకుని. కాస్ట్యూములు కుట్టే కంపెనీలో పని చేస్తుందని, మెడలో వేలాడే కొలతల టేపును బట్టి అతను ఎప్పుడో అనుకున్నాడు. ఆమె ఆగి, ఎడమ పక్క చూసింది. సందు లేదు. కారులో ఉన్న అతని వంక చూసింది. అతను అద్దంలోంచే చెయ్యెత్తి, తప్పదన్నట్టు వేళ్ళు విప్పాడు. ఆమె పెడలు మీద కాలు పెట్టి, కారును చుట్టుకుని రోడ్డు మీదికి తిరిగింది.

అంతే. అద్దంలో ఆమె ఉంది, ఆ తర్వాత లేదు. వెనకనుంచి వచ్చిన పెద్ద తెల్ల బండి పక్క అద్దం సైకిలు హ్యాండిలుకు తగిలిన చప్పుడు చిన్నగానే వినిపించింది. అతను తలుపు తీసుకుని దిగేసరికి ఆమె కుడి చెయ్యి ఒంటి కింద మడతపడి ఉంది. టిఫినులోంచి పప్పు రోడ్డు మీద పారింది.

తెల్ల బండి నడుపుతున్న కుర్రవాడు పారిపోలేదు. క్రాంతికుమార్ అని, ఎవరో డైరెక్టరు దగ్గర అసిస్టెంటు. ఆమెను తన బండిలోనే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తిరుమలేశ్ సైకిలు లేపి గోడకు ఆనించాడు. చక్రం వంకర పోయి, తిరిగినప్పుడల్లా ఫ్రేముకు రాసుకుంటోంది.

చౌరస్తాలో డ్యూటీలో ఉన్న కానిస్టేబులు అరుణజ్యోతి పరుగున వచ్చింది. అప్పటికే వెనక బండ్లు ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. ఆమె ఈల వేసి, చేతులూపి, గుంపును చెదరగొట్టి, చివరికి తిరుమలేశ్ కారు బానెట్ మీద అరచేత్తో తట్టింది.

"అన్నా, సైకిల్ లేన్ల పెట్టినవ్. తియ్యి, జర ముంగటికి తియ్యి."

అతను తీశాడు. మలుపు దాకా పోయి, ఒక గోడ పక్కన ఆపి, నడిచి తిరిగి వచ్చేసరికి ఠాణా నుంచి ఎస్సై వరప్రసాద్ వచ్చి ఫోనుతో ఫోటోలు తీస్తున్నాడు. సైకిలూ, రోడ్డు మీది పప్పూ, టైరు గుర్తులూ తీశాడు. ఆ పక్కన వానకు తడిసి మెరుస్తున్న ఆకుపచ్చ పట్టీని కూడా తీశాడు. అందులో సైకిలు బొమ్మ స్పష్టంగా కనిపిస్తోంది. దాని మీద ఏ కారూ లేదు.

మర్నాడు సత్యలక్ష్మి గారిని దించాక తిరుమలేశ్ కారు ఆపలేకపోయాడు. ఆపుదామనే అనుకున్నాడు. స్టీరింగు ఎడమకు తిప్పాడు కూడా. ముందు చక్రం ఆకుపచ్చ రంగు మీదికి ఎక్కగానే కాలు దానంతటదే యాక్సిలేటర్ మీద పడింది. కారు ముందుకు పోయింది.

పోతే ఎక్కడికి పోవాలి? మలుపు దగ్గరి గోడ పక్కన ఎవరిదో బండి ఉంది. ఆ పై వీధిలో ప్రతి గేటు ముందూ వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, కారు నెమ్మదిస్తే చాలు లేచి నిలబడుతున్నాడు. హోటలు ముందు ఆగబోతే అక్కడి మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. తిరుమలేశ్ కొండ దిగి, చెక్‌పోస్టు దాకా పోయి, మళ్ళీ ఎక్కి, స్టూడియో ముందునుంచి పోయి, మళ్ళీ దిగాడు. పోయిన ప్రతిసారీ ఆ పట్టీ మీద ఏదో ఒకటి ఆగి ఉండేది. ఒకసారి నీళ్ళ డబ్బాల ఆటో ఉంది. ఇంకోసారి ఎవరిదో నల్ల కారు, అందులో డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్నాడు. తిరుమలేశ్‌కు అతన్ని లేపాలనిపించింది. లేపి ఏం చెప్పాలో తోచక, ముందుకు పోయాడు.

సత్యలక్ష్మి గారు ఫోను చేసేసరికి అతను కొండ కింద దర్గా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాడు. వచ్చేసరికి ఆవిడ ఎండలో మెట్ల మీద నిలబడి ఉంది. ఆవిడ కోప్పడే మనిషి కాదు. ఎక్కి కూర్చుని, పెట్రోలు పోయించింది ఊరు చూడటానికా అని మాత్రం అడిగింది. నిన్న ఇక్కడ ఒకామె పడిపోయింది మేడం, అని అతను మొదలుపెట్టాడు. తెలుసు, రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది, పాపం, అని ఆవిడ ఫోను చూసుకుంది. మన బండికేం తగల్లేదు కదా అని మళ్ళీ తనే అంది.

సాయంత్రం ఆవిడను జూబ్లీ హిల్స్‌లో ఇంటి దగ్గర దింపి, తాళాలు లోపలిచ్చి, తిరుమలేశ్ నేరుగా రహమత్ నగర్‌లో తన గదికి పోలేదు. చౌరస్తాకు నడిచాడు. అరుణజ్యోతి డ్యూటీ దిగబోతూ సిగ్నలు డబ్బా పక్కన టోపీ తీసి తల తుడుచుకుంటోంది. సైకిలు మీంచి పడ్డామెకు ఎలా ఉందని అడిగాడు. మణికట్టు రెండు చోట్ల విరిగిందని, ఆపరేషను చేసి కడ్డీ వేశారని అరుణజ్యోతి చెప్పింది. పేరు మంజులత. కుట్టు మిషను మీద బతికే మనిషి.

"కేసు ఏమైంది మేడం?"

ఏమవుతుంది, ఆమెదే తప్పని రాసుకున్నారు, అంది అరుణజ్యోతి. సైకిళ్ళకు దారి విడిగా ఉండగా, దాన్ని వదిలేసి ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చిందని ఆ కుర్రవాడు చెప్పాడు. అతను చెప్పింది అబద్ధం కూడా కాదు, వచ్చింది నిజమే. అలా రాస్తే ఇక ఇన్సూరెన్సు వాళ్ళు ఆమెకు పరిహారం ఇవ్వరు.

అసలు ఆ ఆకుపచ్చ పట్టీకి కాయిదా ఏమిటని తిరుమలేశ్ అడిగాడు. దాని మీద బండి పెట్టొచ్చా, పెట్టకూడదా.

"పెట్టరాదు. సైకిళ్ళకు గీసిన తోవ మీద, యూనిఫాంల ఉన్న పోలీసు పొమ్మంటే తప్ప, మోటారు బండి ఎక్కొద్దు. ట్రైనింగుల చెప్పిన్రు."

మరి రోజూ ఇన్ని బండ్లు నిలబడుతుంటే ఎందుకు చలాను రాయరని అడిగాడు. ఆమె టోపీని చేతుల్లో తిప్పుతూ, ఒకటి రెండుసార్లు రాశానని, నో పార్కింగ్ బోర్డు ఏదని ఓనర్లు పైకి ఫోను చేశారని, బోర్డు పెట్టాల్సింది మునిసిపాలిటీ అని, వాళ్ళనడిగితే బండ్లు తీయించాల్సింది పోలీసులని అంటారని చెప్పింది. హెల్మెట్లు చూడు, రాంగ్ రూటు చూడు అని చెప్పేవాళ్ళే గానీ ఆ రంగు సంగతి చూడమని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదట.

"నిన్న ఒక్కరోజు కాయిదా ప్రకారం బండి తీయించిన," అంది మెల్లగా. "నీ బండే. ఎస్సై సారు ఫోటోలు తీసేటాల్లకు లేను ఖాళీ. నీ బండి ఆడ్నే ఉండెనని నేను చెప్పిన. ఆమె పడంగ చూసినవా నువ్వు అని అడిగిండు. నేను చౌరస్తాల ఉంటి, ఆమె పడ్డంక వస్తి. పడంగ నేను చూళ్ళేదు."

ఆమె టోపీ పెట్టుకుని స్కూటీ ఎక్కింది. ఎక్కాక కూడా వెంటనే పోలేదు. అతనేమైనా అంటాడేమోనని చూసినట్టుంది. తర్వాత బండి స్టార్టు చేసుకుని పోయింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచాడు. పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ చెంప తెగ్గోసుకున్నాడు. సత్యలక్ష్మి గారిని స్టూడియోలో దించి, ఇవాళ కారు మలుపవతల పెడతాను, ఫోను చేస్తే వస్తాను అని చెప్పి, ఆవిడ ఏమంటుందో వినకుండానే తలుపు వేశాడు. కారును దూరంగా, కొండరాయి పక్కన ఖాళీ జాగాలో పెట్టి, ఠాణాకు నడుచుకుంటూ పోయాడు.

ఎస్సై వరప్రసాద్ అతను చెప్పేదంతా విన్నాడు. వింటూనే వేరే కాగితాల మీద సంతకాలు పెట్టాడు. చివర్న తలెత్తి, నిన్నెవరైనా అడిగారా అన్నాడు. లేదన్నాడు తిరుమలేశ్.

"ఆసుపత్రికి మనిషిని పంపి ఆ అమ్మాయి వాంగ్మూలం తీసుకున్నాం. లేన్‌లోంచి ఎందుకు బయటికొచ్చావమ్మా అంటే గుర్తు లేదంది. బండి అడ్డం ఉందని తనే చెప్పలేదు. నీకెందుకయ్యా?"

తిరుమలేశ్‌కు ఆ మాట అంతుపట్టలేదు. తలకు దెబ్బ తగల్లేదు కదా. ఆమె తన వంక చూసిన చూపు అతనికి బాగా గుర్తుంది. అయినా, ఆమెకు గుర్తు లేకపోతే పోనీయండి సార్, నాకు గుర్తుంది, అన్నాడు. నా బండి ఆమె దారి మీద ఉంది. ఆమెకు పోవడానికి వేరే తోవ లేదు.

ఇది రాస్తే నీ పేరూ ఎక్కుతుంది, దారికి అడ్డంగా బండి పెట్టినందుకు నీ మీదా కేసు, ఓనర్ని కూడా పిలవాలి, ఆలోచించుకో, అన్నాడు వరప్రసాద్. బెదిరించినట్టు కాదు, నిజంగానే చెప్పాడు. తిరుమలేశ్ ఆలోచించుకున్నట్టు కాసేపు నిలబడ్డాడు గానీ, ఆలోచనేమీ రాలేదు. కాళ్ళు మాత్రం రెండ్రోజుల తర్వాత మొదటిసారి ఒకచోట నిలబడ్డాయి. రాయండి సార్ అన్నాడు.

సత్యలక్ష్మి గారు మధ్యాహ్నమే ఠాణాకు వచ్చింది, లాయరుతో ఫోనులో మాట్లాడుతూ. ఎస్సై లేచి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చుని, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిరుమలేశ్ గోడ పక్కన నిలబడ్డాడు. కారు అక్కడ పెట్టమని మీరు చెప్పారా, అతనే పెట్టాడా, అని ఎస్సై అడిగాడు. ఏది చెబితే అది రాసుకుంటానన్నట్టుగా పెన్ను పట్టుకున్నాడు.

ఆవిడ తిరుమలేశ్ వంక చూడలేదు.

"బండి ఎక్కడ ఆపాలన్నది డ్రైవరు చూసుకునే విషయం కదండీ. దానికి నేనేం చెబుతాను?"

అబద్ధం చెప్పే మనిషి కాదావిడ. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడిందో తిరుమలేశ్‌కు తెలిసింది. అయినా పెన్ను కాగితం మీద కదిలింది. తిరుమలేశే కారు తెచ్చి ఆవిడను ఎక్కించుకున్నాడు. ఇల్లు చేరాక ఆవిడ దిగి, తలుపు పట్టుకుని నిలబడి, నాతో ముందే ఒక్క మాట అనాల్సింది తిరుమలేశ్, అంది. కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండు, నేను కబురు చేస్తాను, అంది. కబురు రాదని ఇద్దరికీ తెలుసు. అతను కారు లోపల పెట్టి, అద్దాల మీది వాన చారలు తుడిచి, తాళాలు వంటామె చేతికిచ్చి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే లేచి, పోవలసిన చోటేదీ లేక, బోరబండకు పోయాడు. రైల్వే స్టేషను దిగువన, మెట్ల దారిలో పైకెక్కి, కాస్ట్యూములు కుట్టే మంజులత ఇల్లేదని ఇద్దర్ని అడిగి కనుక్కున్నాడు. గుమ్మంలోనే మిషను ఉంది. ఆమె మిషను ముందు స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన కుడి చేతిని ఒళ్ళో దిండు మీద పెట్టుకుని, ఎడమ చేత్తో జాకెట్టు మీది పాత హుక్కులు కత్తిరిస్తోంది. హుక్కు తెగిన ప్రతిసారీ బట్ట జారిపోతోంది. పళ్ళతో పట్టుకుని మళ్ళీ సర్దుకుంటోంది.

అతన్ని చూడగానే గుర్తుపట్టింది. తడుముకోవడం కూడా లేదు.

"స్టూడియో ముంగటి కారు అన్నవి గదా. కూసో."

అతను గుమ్మం మీద కూర్చున్నాడు. చెయ్యి ఎలా ఉందని అడిగాడు. నొప్పి తగ్గిందని, వేళ్ళు కదులుతాయో లేదో కట్టు విప్పితే గానీ తెలియదని చెప్పింది. తాను ఠాణాకు పోయి, కారు అడ్డం ఉందని రాయించానని, ఇక పరిహారం ఆగదేమోనని అతను చెప్పాడు. ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె కత్తెర మిషను మీద పడేసింది.

"నిన్నెవరు చెప్పమన్నరన్నా?"

ఆమె జాకెట్టు పక్కకు నెట్టి, కిందికి చూస్తూ, తన భర్త ఓంప్రకాష్ కూడా డ్రైవరేనని చెప్పింది. బంజారా హిల్స్‌లో ఒక డాక్టరు దగ్గర. ఆయన కూడా అలాగే, ఎక్కడ పడితే అక్కడ, సైకిళ్ళ దారి మీదే బండి పెట్టుకుని రోజంతా కూర్చుంటాడు. పెట్టకపోతే వాళ్ళ సారు ఊరుకోడు. పెడితే పోలీసులు ఊరుకోరు. ఆసుపత్రిలో పోలీసాయన కాగితం పట్టుకుని అడిగినప్పుడు తనకు ముందు కనిపించింది అద్దంలో ఈ అన్న చూపిన చెయ్యేనట.

"కారు అడ్డమున్నదంటే వాళ్ళు ఓనరును పట్టుకుంటరా? నిన్నే పట్టుకుంటరు. నీకు నౌకరి పోతది. అందుకే యాదికి లేదన్న. మా ఆయన గూడ మంచి పని చేసినవ్ అన్నడు."

బయట గూడ్సు బండి పోతోంది. తిరుమలేశ్ గుమ్మం అంచున పెచ్చులూడిన రంగును గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఒకరోజంతా ఈమె తన కోసం ఊరుకుంది. అదే రోజు తాను ఆ కొండ మీద గుండ్రంగా తిరుగుతూ ఉన్నాడు.

"మరి నౌకరి ఉన్నదా?" అని ఆమె అడిగింది.

నిన్న పోయిందని చెప్పాడు. మేడం ఏమన్నదో, ఎస్సై ఏం రాసుకున్నాడో అంతా చెప్పాడు. బండి అక్కడ పెట్టింది తన ఇష్టం మీదేనని కాగితంలో ఉందన్నాడు.

మంజులత తల పైకెత్తింది. "అదెట్ల? ఇంక ముంగటికి తీస్కపో, ఈడ్నే ఉంచు, ఎక్కడికీ తీయకు అన్లే? నేను నీ బండెన్క ఒంటికాలు మీద నిలబడి వింటి. గంట గూడ కొట్టిన."

ఆ గంట అతనికీ గుర్తే. ఆమె లేచింది. చున్నీ ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఎడమ చేత్తో కట్టు మీదినుంచి లాగి భుజం మీద వేసుకుంది. తలుపు దగ్గరికి లాగి, గడియ అందక, అతన్ని పెట్టమంది. ఎక్కడికని అతను అడగలేదు. స్టేషను మెట్ల మీద ఎదురొచ్చిన వాళ్ళు ఆమె చేతికి తగలకుండా అతను ఆ పక్కన నడిచాడు.

ఎస్సై వరప్రసాద్ వాళ్ళిద్దర్నీ కలిపి చూసి పెన్ను కింద పెట్టాడు. ఆమె వచ్చిన పని చెప్పింది. అతను పాత వాంగ్మూలం తీసి, వేలితో ఒక వాక్యం చూపించాడు. ఇదిగో, గుర్తు లేదని నువ్వే చెప్పావు, కింద వేలిముద్ర కూడా ఉంది, రెండు రోజుల్లో గుర్తెలా వచ్చిందమ్మా, అన్నాడు.

"ఈ అన్న నౌకరి పోతదేమోనని మర్చిపోయిన సార్," అంది మంజులత. "పోనే పోయింది. ఇంక మర్చిపోయి ఏం ఫాయిదా?"

వరప్రసాద్ తిరుమలేశ్ వంక చూశాడు. ఆమె చేతి కట్టు వంక చూశాడు. ముందు రోజు సత్యలక్ష్మి గారు కూర్చున్న కుర్చీని కాలితో ఆమె వైపు జరిపాడు. కొత్త కాగితం తీశాడు.

ఆమె కూర్చుని, కట్టు చెయ్యి జాగ్రత్తగా టేబులు అంచున పెట్టుకుంది. గేటు ముంగట నీళ్ళున్నయి సార్, అని మొదలుపెట్టింది. మేడం కాలు కింద పెట్టి, మళ్ళ లోపలికి తీసుకుంది.